అద్దంలా, అద్దం, అద్దమేమో!

సిమిలీ, మెటఫర్, హైపర్‌బొలీ. హైస్కూలు ఇంగ్లిష్ పాఠాల్లో తగిలే ఈ పేర్లు కొత్తవే గానీ, వాటి వెనకున్న సంగతి తెలంగాణలోని పెనుబల్లి మండలం పిల్లలకు కొత్త కాదు. తెలుగు పీరియడ్‌లో ఉపమ, రూపకం, అతిశయోక్తి చదువుతూనే ఉంటారు. ఒకే విషయాన్ని రెండు పేర్లతో, ఒకదానికొకటి సంబంధం లేనట్టు బట్టీ పట్టాల్సి రావడమే అసలు చిక్కు.

మండలంలోని లంకాసాగర్ చెరువునే తీసుకోవచ్చు. "చెరువు నీళ్లు అద్దంలా మెరుస్తున్నాయి" అన్న వాక్యంలో నీళ్లు ఉపమేయం, అద్దం ఉపమానం, మెరవడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. ఇంగ్లిష్‌లో ఆ 'లా' పని లైక్, యాజ్ అనే మాటలు చేస్తాయి. అది సిమిలీ. 'లా' తీసేసి "ఈ చెరువు ఆకాశానికి అద్దం" అంటే రెంటికీ భేదం పోయి రూపకమవుతుంది. అదే మెటఫర్. విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ 1936లో మెటఫర్‌ను విడదీసి టెనర్, వెహికల్ అని పేర్లు పెట్టాడు. ఉపమేయం, ఉపమానం తెలిసినవారికి అవి పాత చుట్టాలే. "ఆకాశమే చెరువులోకి దిగిందేమో!" అంటే ఉత్ప్రేక్ష. దానికి సరిగ్గా అతికే పేరు ఇంగ్లిష్ పాఠాల జాబితాలో కనిపించదు. ఇక్కడ తెలుగు పిల్లల దగ్గరే ఒక పేరు ఎక్కువుంది.

మాటల మొదట ఒకే శబ్దం మళ్లీ మళ్లీ రావడం ఎలిటరేషన్. అది మన వృత్త్యనుప్రాసకు దగ్గరిది. అయితే తెలుగులో అక్షరమే శబ్దం. ఇంగ్లిష్‌లో అలా కాదు. సిటీ, కార్ ఒకే అక్షరంతో మొదలైనా ఎలిటరేషన్ కుదరదు. ఫోన్, ఫిష్ వేర్వేరు అక్షరాలతో మొదలైనా కుదురుతుంది. కంటితో కాదు, చెవితో పట్టుకోవాలి.

తెలియని మాటకన్నా తెలిసిందనుకున్న మాటే ఎక్కువ తికమక పెడుతుంది. ప్లాట్ అంటే ఊళ్లో ఇంటి స్థలం, పాఠంలో కథా సంవిధానం. క్యారెక్టర్ అంటే బయట నడవడిక, కథలో పాత్ర. క్లైమాక్స్ అంటే సినిమా ఆఖరి ఘట్టమని అందరికీ అలవాటు. నాటక నిర్మాణాన్ని 1863లో వివరించిన గుస్తావ్ ఫ్రైటాగ్ లెక్కలో అది నడిమి శిఖరం. కథ అక్కణ్నుంచి దిగుతుంది. ఇలాంటి మాటలకు వాడుక అర్థం, పాఠంలోని అర్థం పక్కపక్కనే రాసుకోవడం మేలు.

పెద్ద మాటల్ని విరిచి చూస్తే భయం పోతుంది. ఆటోబయోగ్రఫీలో ఆటో అంటే స్వయంగా, బయో అంటే జీవితం, గ్రఫీ అంటే రాత. కలిపితే ఆత్మకథ. సత్తుపల్లి రోడ్డు మీద తిరిగే ఆటో పేరులోనూ ఉన్నది ఆ 'స్వయంగా'నే.

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం విస్తరించినప్పుడు రెండు భాషల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అలంకారాలకూ ఆ పద్ధతే నప్పుతుంది: నోట్‌బుక్‌లో ఒక గడిలో తెలుగు పేరు, పక్క గడిలో ఇంగ్లిష్ పేరు. పెనుబల్లి అటవీ అంచున కోయ మాట్లాడే ఇళ్ల పిల్లలకు మాత్రం తెలుగు కూడా బడిలో నేర్చుకునే భాషే. వాళ్ల నోట్‌బుక్‌లో మూడో గడి ఉండాలి. ఇంట్లో అమ్మ వాడే పోలికను తెలుగు లిపిలో అందులో మొదట రాయించి, ఉపమ, సిమిలీ అన్న పేర్లు ఆ తర్వాతే చెప్పాలి.