టీకా వేసిన చెయ్యి లేవకపోతే

టీకా వేయించుకున్న చెయ్యి నొప్పి పెడుతుంది. ఒకరోజో రెండు రోజులో సలుపుతుంది. తర్వాత తగ్గిపోతుంది. ఇది అందరికీ తెలిసిందే. కానీ ఎక్కడో ఒకరికి ఆ నొప్పి తగ్గదు. నెలలు గడిచినా చెయ్యి పైకి లేవదు. జడ వేసుకోలేరు. రవికె తొడుక్కోలేరు. అటక మీది గిన్నె అందుకోలేరు.

ఎందుకిలా అవుతుంది? తప్పు మందులో కాదు, సూది గుచ్చిన చోటులో ఉంటుంది. భుజం ఎముక కొసకు రెండు మూడు వేళ్ల కింద కండ దళసరిగా ఉంటుంది. టీకా అక్కడ వేయాలి. అంతకన్నా పైన గుచ్చితే సూది కీలు దగ్గరికి పోతుంది. కీలు ఒరుసుకోకుండా అక్కడ మెత్తని తిత్తి ఒకటి ఉంటుంది. మందు అందులో పడితే వాపు వస్తుంది. కీలు బిగుసుకుపోతుంది.

రెక్కాడితేగాని డొక్కాడని మనిషికి ఇలా జరిగితే? వైద్యం ఖర్చు ఎవరివ్వాలి? పోయిన కూలి ఎవరివ్వాలి? అమెరికా దేశంలో దీనికి ఒక చట్టం ఉంది.

1980 తర్వాత ఆ దేశంలో పిల్లల టీకాల మీద గొడవ లేచింది. టీకా వల్ల బిడ్డకు హాని జరిగిందని తల్లిదండ్రులు కంపెనీల మీద కోర్టుకెక్కారు. కొన్ని కంపెనీలు టీకా తయారీయే మానేశాయి. టీకాలు దొరక్కపోతే పాత జబ్బులు మళ్లీ వస్తాయి. అందుకని 1986లో చట్టం చేశారు. 1988 నుంచి అమలు చేశారు.

ఈ చట్టంలో ఒక మంచి సంగతి ఉంది. తప్పు నర్సుదా, కంపెనీదా అని తేల్చాల్సిన పని లేదు. టీకా వల్ల ఊరందరికీ మేలు జరుగుతుంది. ఆ మేలు కోసం ఒకరు దెబ్బతింటే భారం అందరూ మోయాలి. న్యాయమే కదా! ఒక్కో టీకా మీద, అది ఆపే ఒక్కో జబ్బుకు 75 సెంట్లు పన్ను తీసుకుంటారు. నూరు సెంట్లు ఒక డాలరు. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, ఈ మూడింటికీ కలిపి వేసే టీకా మీద 2 డాలర్ల 25 సెంట్లు పడుతుంది. నష్టపరిహారం ఆ నిధి నుంచే ఇస్తారు.

భుజం దెబ్బను 2017లో చట్టం జాబితాలో చేర్చారు. అంతకుముందు ఒక్కొక్కరూ టీకా వల్లే జరిగిందని రుజువు చేసుకోవాల్సి వచ్చేది. జాబితాలోంచి దాన్ని తీసేయాలని కూడా చూశారు. 2021లో ఆ ప్రయత్నం మానుకున్నారు.

అయితే షరతులున్నాయి. టీకా వేసిన 48 గంటల లోపు నొప్పి మొదలవ్వాలి. ఆ భుజానికి అంతకుముందు నొప్పి ఉండకూడదు. బాధ ఆరు నెలలు దాటి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేరి ఆపరేషన్ చేయించుకుని ఉండాలి. నొప్పి మొదలైన మూడేళ్ల లోపు అర్జీ పెట్టాలి. నొప్పి, బాధ కింద ఇచ్చేది 2,50,000 డాలర్లు దాటకూడదు. వైద్యం ఖర్చు, పోయిన జీతం వేరు. వకీలు ఫీజు కక్షిదారు ఇవ్వనక్కరలేదు, కోర్టే ఇప్పిస్తుంది. కరోనా టీకాలను మాత్రం వేరే పథకం కింద పెట్టారు. దాని గడువు ఒక్క ఏడాదే.

ఇదంతా మనకెందుకు అంటారా? కూతురి కాన్పుకు అమెరికా వెళ్లే తల్లులు మన జిల్లాల్లో ఎంతోమంది. పసిగుడ్డును ఎత్తుకునే ముందు కోరింత దగ్గు టీకా వేయించుకోమని అక్కడి డాక్టర్లు చెబుతారు. అలా వేయించుకున్న తల్లికి భుజం పట్టేసిందనుకుందాం. ఆమెకూ ఈ చట్టం వర్తిస్తుంది. ఆ దేశ పౌరురాలు కానక్కరలేదు. టీకా అక్కడ వేయించుకుంటే చాలు.

కాని ఆడవాళ్లు నొప్పిని ఓర్చుకుంటారు. "అదే పోతుందిలే" అని కాపడం పెట్టుకుని ఊరుకుంటారు. డాక్టరు దగ్గరికి పోరు. తర్వాత కోర్టు అడిగేది కాగితమే. టీకా ఏ చేతికి వేశారు, ఏ తేదీన వేశారు, నొప్పి ఎప్పుడు మొదలైంది అన్నవి ఆసుపత్రి కాగితాల్లో ఉండాలి. మొదటి వారంలోనే చూపించుకుని రాయించుకున్న ఒక్క చీటీ ఎంతో పని చేస్తుంది.

మన దేశంలో వేసిన టీకాకు ఆ చట్టం పనికిరాదు. ఇక్కడ టీకా తర్వాత ఇబ్బంది వస్తే నర్సమ్మకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకో చెప్పాలి. వాళ్లు దాన్ని రాసుకుని పైకి పంపాలి. టీకా వేసేటప్పుడు ఒక జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది. మెడ దగ్గర రవికెను పక్కకు లాగితే భుజం పై భాగమే కనిపిస్తుంది. సూది అక్కడే పడుతుంది. బిగుతు చేతుల రవికె కాకుండా వదులుది వేసుకుని వెళ్లాలి. అప్పుడు జబ్బ మొత్తం కనిపిస్తుంది.