కర్బన కవచం

ఇటలీలోని మోంజా పందెపు బాటపై 1978 సెప్టెంబరు 10న ఘోరప్రమాదం జరిగింది. స్వీడన్ దేశానికి చెందిన రోనీ పీటర్సన్ నడుపుతున్న కారు అడ్డుకంచెను ఢీకొని మంటల్లో చిక్కుకొంది. తోటి చోదకులు ఆయనను బయటకు లాగారు. కాని, కారు ముందుభాగం నలిగిపోవడం వల్ల కాళ్ల ఎముకలు అనేకచోట్ల విరిగాయి. మరునాడే ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు. మూడేళ్ల తరువాత, 1981 సెప్టెంబరు 13న, అదే మోంజాలో జాన్ వాట్సన్ కారు లెస్మో మలుపు వద్ద అదుపు తప్పింది. అది కంచెను తాకిన వేగానికి ఇంజను, గేరుపెట్టె ఊడిపోయి బాట మీదికి దొర్లాయి. కారు రెండు ముక్కలైంది. వాట్సన్ మాత్రం ముందు ముక్కలోనుంచి లేచి, గాయమన్నది లేకుండా నడిచి వచ్చారు.

ఈ రెండు ప్రమాదాలను ఒకే తక్కెడలో తూచరాదు. తాకిన తీరు వేరు, పరిస్థితులు వేరు. అయినప్పటికీ వాట్సన్ కూర్చున్న కారు అంతకుముందరి కార్ల వంటిది కాదు. దాని పేరు మెక్‌లారెన్ ఎం.పి.4/1. చోదకుడు కూర్చునే భాగాన్ని కర్బన తంతువులతో నిర్మించుకొని ఫార్ములా వన్ పందేలలో పాల్గొన్న మొదటి కారు అదే.

ఫార్ములా వన్ కారులో ఒక్కరికే చోటు. చక్రాలు దేహానికి వెలుపల ఉంటాయి. ఇంజనును చోదకుని వీపు వెనుక బిగిస్తారు. మలుపులలో చక్రాలపై పడే ఒత్తిడి అంతా చివరకు చోదకుడు కూర్చునే తొట్టివంటి భాగానికే చేరుతుంది. పూర్వం దీనిని ఉక్కుగొట్టాల చట్రంతో నిర్మించేవారు. 1962లో కోలిన్ చాప్‌మన్ తన లోటస్ 25 కారుకు అల్యూమినియం రేకులను రివిట్లతో అతికి తొట్టిని తయారుచేశారు. గుడ్డుకు పెంకు ఎలాగో, ఆ తొట్టికి పైపొరే బలం. దీనినే మోనోకాక్ అంటారు. సుమారు ఇరవై ఏళ్లపాటు పందెపు కార్లన్నీ దాదాపు ఈ బాటలోనే నడిచాయి.

ఆ పద్ధతికి చిక్కు తెచ్చింది గాలి. విమానపు రెక్క గాలిలో పైకి లేస్తుంది. ఆ రెక్కను తలకిందులు చేస్తే కిందికి అణుగుతుంది. 1970వ దశకం చివరలో రూపశిల్పులు కారుకు ఇరువైపులా, అడుగుభాగంలో, అటువంటి వంపు గల సొరంగాలను అమర్చారు. ఇరుకు దారిలో గాలి వేగం పుంజుకొంటుంది. దాని పీడనం తగ్గుతుంది. అప్పుడు కారు నేలకు అతుక్కొన్నట్లు మలుపు తిరుగుతుంది. సొరంగం ఎంత వెడల్పైతే అంత లాభం. కారు మొత్తం వెడల్పుకు నిబంధనల హద్దు ఉంది కనుక సొరంగం పెరగాలంటే నడుమనున్న తొట్టి సన్నబడాలి. సన్నని అల్యూమినియం తొట్టి పిండిన తడిబట్టలా మెలి తిరుగుతుంది. రేకు మందం పెంచితే బరువు పెరుగుతుంది.

ఈ ముడిని విప్పడానికి ఆంగ్ల రూపశిల్పి జాన్ బార్నార్డ్ విమాన పరిశ్రమ వైపు చూశారు. తలవెంట్రుకలో దాదాపు పదోవంతు మందం గల కర్బన తంతువులు అప్పటికే అక్కడ వాడుకలో ఉన్నాయి. తంతువు ఒంటరిగా దారపుపోగు వంటిదే. దానిని రెజిన్ అనే జిగురుతో తడిపి, పొరలుగా పేర్చి, వేడిచేస్తే తేలికైన, అతి దృఢమైన పలక అవుతుంది. అయితే పోగు సాగిన దిశలోనే దాని బలమంతా ఉంటుంది. నేతగాడు పడుగుకు అడ్డంగా పేక వేసినట్లే, ఇక్కడ కూడా ఒక్కొక్క పొరను ఒక్కొక్క కోణంలో పరచాలి. ఏ చోట ఎంత బలం కావాలో అక్కడ అంతే పెట్టవచ్చు. లోహపు రేకుకు ఈ సౌలభ్యం లేదు.

ఇంత పెద్ద తొట్టిని చేయగల సంస్థ బార్నార్డ్‌కు అమెరికాలో దొరికింది. యూటా రాష్ట్రంలోని హెర్క్యులిస్ సంస్థ అల్యూమినియం అచ్చు మీద కర్బన పొరలను పరచింది. రెండు పొరల నడుమ తేనెపట్టు గదులను పోలిన అల్యూమినియం అల్లికను ఉంచింది. తరువాత ఆటోక్లేవ్ అనే పెద్ద పాత్రలో వేడిమిని, పీడనాన్ని కలిపి పొరలను గట్టిపరచింది. మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌కు దానిని పెద్దక్క అనవచ్చు. చివరకు అచ్చును విడదీసి, చోదకుడు కూర్చునే రంధ్రం గుండా ముక్కలు ముక్కలుగా వెలికి తీశారు.

సందేహించినవారు తక్కువేమీ కాదు. లోహం వంగుతుంది, కర్బనం పెళుసుగా పగులుతుంది; ప్రమాదంలో అది పొడిపొడి కాదా అన్నది వారి ప్రశ్న. దానికి ఆధారం లేకపోలేదు. రోల్స్‌రాయిస్ సంస్థ తన ఆర్.బి.211 విమాన ఇంజనుకు కర్బన తంతువులతో చేసిన పంకా రెక్కలు, ఎగిరే పక్షి తగిలినట్లు జరిపిన పరీక్షకు తట్టుకోలేకపోయాయి. అందువల్ల టైటానియం రెక్కలు వాడవలసి వచ్చింది. లోటస్ సంస్థ 1981లోనే రూపొందించిన 88వ నమూనాలో కూడా కర్బన తంతువులున్నాయి. కాని దాని జంట చట్రం నిబంధనలకు విరుద్ధమని దానిని బరిలోకి దిగనివ్వలేదు.

ఆ ఏడాది జులై 18న సిల్వర్‌స్టోన్‌లో వాట్సన్ ఈ కారుతో గెలిచారు. అయినా సందేహం పూర్తిగా తీరలేదు. తీర్చింది మోంజా ప్రమాదం. కర్బన పలక పగిలే మాట నిజమే. కాని పొర తరువాత పొర చిట్లుతూ తాకిడి శక్తిని మింగివేయడం కూడా దాని స్వభావమే. చోదకుని చుట్టూ ఉన్న గుల్ల నిలిచింది. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. తొట్టిని సన్నగా చేయాలన్న కోరికే బార్నార్డ్‌ను కర్బనం వద్దకు తీసుకొనిపోయింది. వేగం కోసం వెదకిన పదార్థం ప్రాణానికి అక్కరకు వచ్చింది.

కొద్ది సంవత్సరాలలోనే పందెపు జట్లన్నీ ఈ మార్గం పట్టాయి. 1985 నుంచి ముందుభాగానికి తాకిడి పరీక్ష తప్పనిసరి అయింది. 2018లో చోదకుని తలచుట్టూ హేలో అనే టైటానియం కమాను చేరింది. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో రొమేన్ గ్రోజాన్ కారు ఉక్కుకంచెలోకి దూసుకుపోయి, మోంజాలో వలెనే రెండుగా విడిపోయింది. వెంటనే మంటలు లేచాయి. గుల్ల చెదరలేదు. సుమారు 28 సెకన్ల తరువాత ఆయన కాలిన చేతులతో మంటలను దాటుకొని బయటికి వచ్చారు.