శూన్యత చైనాలో ‘ఖుంగ్’ అయిన వైనం

కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డున ఉన్న ఆదుర్రు స్తూప శిథిలాలు, కృష్ణా లోయలోనే కాక గోదావరి సముద్రాన్ని చేరే చోట కూడా ఒకప్పుడు బౌద్ధం వేళ్లూనుకుందని చాటుతున్నాయి. సంప్రదాయం ఆంధ్రదేశంతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు ప్రతిపాదించిన శూన్యత, అంటే ఏ వస్తువుకూ కారణాలతో నిమిత్తం లేని సొంత స్వభావం ఉండదనే సిద్ధాంతం, చైనా భాషలో ‘ఖుంగ్’ అనే పేరుతో స్థిరపడింది. తొలినాటి చైనా పండితులు దీనిని తావో తత్త్వంలోని ‘వూ’, అనగా లేమి, అనే భావనతో కలిపి చదివి తికమకపడగా, కూచా దేశీయుడైన కుమారజీవుడు 409లో చాంగాన్ నగరంలో మూలమధ్యమకకారికను వ్యాఖ్యానంతో సహా అనువదించి అసలు అర్థానికి దారి చూపాడు. అనువాద చరిత్రలో ఇంతటి ఘనకార్యాలు అరుదు.

నిత్యవ్యవహారంలో ‘ఖుంగ్’ అనే మాట చాలా తేలికైనది. ఆకాశాన్ని ‘థియెన్‌ఖుంగ్’ అనీ, గాలిని ‘ఖుంగ్‌ఛీ’ అనీ పిలిచే చైనీయులు, అమలాపురంలో ‘ఖాళీగా ఉన్నారా?’ అని అడిగినట్టే, అదే అక్షరాన్ని స్వరం మార్చి పలికి ‘యౌ ఖుంగ్ మా’ అంటూ తీరిక గురించి అడుగుతారు. అయితే ఈ వాడుక అర్థాన్ని తత్త్వానికి అంటగట్టడం సరికాదు; నేల, నీరు, ఎండ, మనిషి సేద్యం కలిస్తేనే కొబ్బరిచెట్టు నిలిచినట్టు, ప్రతిదీ ఇతరాలపై ఆధారపడే ఉంటుందన్న సిద్ధాంతంలో లేమికి తావు లేదు. కుమారజీవుని అనువాదం తరువాతి కాలంలో చైనాలో ‘సాన్‌లున్’, అంటే మూడు గ్రంథాల శాఖ, అనే బౌద్ధ సంప్రదాయానికి మూలగ్రంథాలలో ఒకటైంది.