ఆర్థిక రంగముల పరస్పరాశ్రయము

భూమినుండి సంపదను గ్రహించునది ప్రాథమిక రంగము. దానికి రూపాంతరము కల్పించునది ద్వితీయ రంగము. రవాణా, వాణిజ్యము, విద్య మొదలగు సేవలు తృతీయ రంగము. వీని సంబంధమునకు మన కొరాపుట్ జిల్లాయే నిదర్శనము.

1981లో స్థాపితమైన నాల్కో సంస్థ పంచపట్మలి కొండపై బాక్సైటును త్రవ్వి, దామన్‌జోడి కర్మాగారమున అల్యూమినాగా మార్చుచున్నది. అందు కొంత అంగుల్‌లో లోహమగును. కొంత విశాఖపట్టణపు రేవునుండి విదేశములకేగును. రైళ్లు నిలిచినచో కర్మాగారమున సరకు పేరుకొనును. కర్మాగారము నిలిచినచో గనిలో పని సన్నగిల్లును. ఖనిజమును శుద్ధిచేయు కాస్టిక్ సోడా మరియొక పరిశ్రమనుండి రావలెను.

ఆ రైలుమార్గముననే ఉన్న లక్ష్మీపూర్ ప్రాంతమునందును ఇదియే న్యాయము. రైతు పంట అమ్మి పనిముట్లు కొనును. పంట చెడిన యేట దుకాణమున బేరము తగ్గును.

త్రవ్విన ఖనిజము మరల పుట్టదు. కావున గని ధనములో కొంత ఇచటి బడులకు చేరి, స్థానికులకు నైపుణ్యము నేర్పినప్పుడే మూడు రంగముల ఫలము ఈ నేలవారికి దక్కును.