అణువులను వడగట్టు రాళ్లు

బియ్యమునుండి నూకలను వేరు చేయుటకు మన యిండ్లలో జల్లెడ కలదు. గింజకును నూకకును పరిమాణములో భేదముండుటచే ఆ పని సులభమగుచున్నది. కంటికి కనబడని రెండు వాయువులు కలిసిపోయినప్పుడు వానిని వేరు చేయు జల్లెడ యెట్టిదో నేడు తెలిసికొందము.

గోదావరి ప్రాంతమున భూగర్భమునుండి వెలువడు సహజవాయువులో ప్రధానభాగము మీథేను. అది చక్కగా మండును. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లున్న నత్రజని మండదు. కొన్నిచోట్ల ఈ రెండును కలిసియే నేలనుండి వచ్చును. నెదర్లాండ్సులో 1959లో కనుగొన్న గ్రోనింగెన్ క్షేత్రపు వాయువులో నూటికి సుమారు 14 పాళ్లు నత్రజనియే. నత్రజని హెచ్చిన కొలది ఇంధనపు వేడి తగ్గును. అందుచే ఆ దేశస్థులు తమ పొయ్యిలనే ఆ వాయువునకు తగినట్లు మార్చుకొనిరి.

బొగ్గుగనులలో చిక్కు మరింత పెద్దది. బొగ్గుపొరలలో దాగియున్న మీథేను గనిలోని గాలితో కలియును. గాలిలో దాని పాలు నూటికి 5 మొదలు 15 వరకు నున్నచో ఒక్క నిప్పురవ్వతో పేలుడు సంభవింపవచ్చును. కావున పనివారి ప్రాణరక్షణకై దానిని వెలికి తోడివేయుదురు. అయితే అట్లు ఆకాశమున విడిచిన మీథేను, ఇరువది యేండ్ల లెక్కలో, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకంటె 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కించును. దానిని పట్టి వాడుకొన్నచో రెండు విధముల మేలు. కాని ముందుగా గాలినుండి వేరు చేయవలెను.

అదియే కష్టము. మీథేను అణువు అడ్డుకొలత సుమారు 3.8 ఆంగ్‌స్ట్రాములు, నత్రజనిది 3.64. ఆంగ్‌స్ట్రామనగా సెంటీమీటరులో పదికోట్లవ వంతు. వాయువులను మిక్కిలి చల్లబరచి, మీథేనును ద్రవముగా మార్చి వేరు చేయుట పాత పద్ధతి. మీథేను సున్నకు దిగువ 161 డిగ్రీల వద్దను, నత్రజని 196 డిగ్రీల వద్దను ద్రవమగును. ఇంతటి శీతలమును కల్పించుటకు చాల ఖర్చగును. చిన్న నూతులకును గనులకును అది గిట్టదు.

ఇచ్చట రంధ్రములుగల ఘనపదార్థములు అక్కరకు వచ్చుచున్నవి. 1756లో స్వీడను శాస్త్రజ్ఞుడు క్రోన్‌స్టెట్ ఒక ఖనిజమును వేడిచేయగా అది ఆవిరిని విడుచుచు పొంగెను. దానికాయన ‘మరుగు రాయి’ అను నర్థమున జియొలైటు అని పేరిడెను. పూనా పరిసరముల నల్లరాతి పొరలలో ఇట్టి ఖనిజములు విస్తారముగా దొరకును. వీని లోపల అణువులు దూరునంతటి సన్నని దారులున్నవి.

వీనిని వాడుటకు రెండు మార్గములు కలవు. మొదటిది మీథేనును పట్టుట. కొబ్బరిచిప్పలనుండి తయారుచేయు ఉత్తేజిత బొగ్గు రంధ్రపు గోడలకు నత్రజనికంటె మీథేను గట్టిగా అంటుకొనును. పీడనము తగ్గించినచో విడివడును. మీథేను స్వల్పముగానున్న గనివాయువునకు ఈ మార్గము తగినది. కాని అది తక్కువ పీడనమున బయటికి వచ్చును గనుక, గొట్టములలో పంపుటకు మరల అదుమవలెను.

మీథేను అధికముగానున్నచోట రెండవ మార్గము మేలు: కొద్దిపాటి నత్రజనిని పట్టి, మీథేనును హెచ్చు పీడనముననే సాగనిచ్చుట. 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు ఇ.టి.ఎస్.-4 అను టైటానియము సిలికేటును గూర్చి ఇట్టి విశేషమునే ప్రకటించిరి. ఆవములో కాలిన కుండ కుదించుకొనునట్లు, వేడిచేసిన కొలది దాని రంధ్రములు క్రమముగా ఇరుకగును. తగిన వేడి వద్ద ఆపినచో నత్రజని లోనికి పోవును. మీథేను వెలుపలనే నిలుచును.

లోహమును, కర్బన సమ్మేళనములను కూర్చి కోరిన కొలతల గదులు కట్టు విద్యయు పెరిగినది. దానికై కితగావా, రాబ్సన్, యాఘీలకు 2025లో నోబెల్ బహుమతి లభించినది. అయినను గనిలోని తేమ ఈ రంధ్రములను ముందుగా ఆక్రమింపవచ్చును. పలుచని గనివాయువును చిక్కబరచునప్పుడు ప్రాణవాయువు మిగిలియున్నచో, అది పేలుడు హద్దులగుండ పోవలసియుండును. కావున ఏ జల్లెడనైనను, వాయువు పాళ్లను, తేమను, ప్రాణవాయువును ముందుగా కొలిచి చూచిన పిమ్మటనే ఎన్నుకొనవలెను.