చెఱసాలలోని స్త్రీలు - మత్తు మాన్పు చికిత్స



త్రాగుడు పురుషులదనియు, దానివలని దుఃఖము స్త్రీలదనియు మనము తలంచుట పరిపాటి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడిన పిదప నీ తలంపు మఱింత గట్టిపడినది. అది చాలవఱకు నిజమే. కాని మత్తునకు లోబడి, నేరము చేసి, చెఱసాల కేగిన స్త్రీలును గలరు.

వెనుకటి చికిత్సలన్నియు పురుషులను చూచి యేర్పఱచినవి. అమెరికాలో లెక్సింగ్టను పట్టణము చెంత మత్తుమందుల కలవాటుపడిన ఖైదీలకై 1935లో గొప్ప వైద్యశాలను తెఱచిరి. స్త్రీలను చేర్చుకొనుట 1941లో గాని మొదలు కాలేదు.

స్త్రీ దేహమున నీటి పాలు తక్కువ. కావున పురుషునితో సమానముగ త్రాగినను ఆమె రక్తమున మద్యసారము హెచ్చుగా నుండును. వ్యసనమును త్వరగా ముదురును. గర్భిణి నల్లమందు జాతి మత్తును హఠాత్తుగ మానినచో శిశువునకే యపాయము. వైద్యుడు మెథడోను వంటి మందిచ్చి కాపాడవలెను. ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. ఇట్టి స్త్రీలలో పెక్కండ్రు బాల్యమందో కాపురమందో దెబ్బలు తిని, మానభంగము నొంది, ఆ బాధను మఱచుటకై మత్తు నాశ్రయించినవారు. అట్టివారిని నలుగురిలో నిలిపి తప్పొప్పుకొమ్మని గద్దించుట పాత పద్ధతి. గద్దింపులలోనే పెరిగిన ప్రాణి మఱింత ముడుచుకొనునే గాని నోరు విప్పునా? ముప్పదియైదేండ్లు బెత్తము పట్టినవాడను. ఈ మాట యనుభవముతో చెప్పుచున్నాను.

1999లో స్టెఫనీ కోవింగ్టను అను విదుషి స్త్రీలకై వేఱొక క్రమమును ప్రకటించినది. తన్ను తానెఱుగుట, బంధుత్వములు, దేహధర్మము, ఆధ్యాత్మికత యని నాలుగు ప్రకరణములు. కాలిఫోర్నియా చెఱసాలలో 115 మంది స్త్రీలపై దీనిని పరీక్షించి 2010లో ఫలితము వెల్లడించిరి. పాత పద్ధతివారిలో నూటికి 45గురు విడుదలైన యేడాదిలోపల మరల చెఱసాల చేరగా, క్రొత్త పద్ధతివారిలో 31 మందియే చేరిరి. ఆ యేటి డిసెంబరులోనే ఐక్యరాజ్యసమితి యంగీకరించిన బ్యాంకాకు నియమములలో 15వది, స్త్రీలు పూర్వము పడిన హింసను, గర్భిణుల, తల్లుల యవసరములను గమనించి చికిత్స చేయవలెనని విధించుచున్నది.

విడుదలైన పిదప నుండుటకు చోటు లేనిచో చికిత్స నిలువదు. మా యూర నొక తల్లి నాటుసారాయి కాచిన నేరమునకు చెఱసాల కేగెను. తానును త్రాగెడిది. ఆమె కుమారుడు నా తరగతివాడు. తిరిగివచ్చిన నాడు ఇంటివారు తలుపు తీయరైరి. రచ్చబండపై పెద్దలము కూర్చుండియు పలుకలేదు, వారిలో నేనొకడను. ఆమె ఆ రాత్రి బడి యరుగుపై పరుండి, తెల్లవాఱుసరికి వెడలిపోయెను. బాలుడు నాడు బడికి వచ్చినాడు. పాఠము మీద కన్ను నిలుపలేదు. అరుగు వంకనే చూచుచుండెను.