డ్రాప్ చెయ్యాలా, ఆడాలా: ఇద్దరు ఉద్దండులూ నిజమే చెబుతున్నప్పుడు

దసరాకు వరంగల్, హనుమకొండ ఇళ్లలో చుట్టాలంతా చేరితే భోజనాలయ్యాక చాప పరిచి రమ్మీ మొదలెట్టడం మామూలే. ముక్కలతో పాటు సలహాలూ పంచుతారు. "చెయ్యి మంచిగ లేకుంటే మొదట్లనే డ్రాప్ చెయ్యి బిడ్డా, ఇరవైతోని పోతది" అంటాడు పెద్దనాన్న. "ఊకె డ్రాప్ చేసేటోడు ఎన్నడు గెలుస్తడు? ఆడు, జోకర్ రావచ్చు" అంటాడు మేనమామ. ఇద్దరూ ఏళ్ల తరబడి ఆడినవాళ్లే. ఇద్దరి మాటా విన్న కుర్రవాడికి ఎవరిని నమ్మాలో తోచదు.

ఎవరు పెద్ద ఆటగాడో తేల్చితే ఈ తగవు తీరదు. ఏ ఆట గురించి, ఏ లెక్కల మీద ఆ మాట అన్నారో అడిగితే చాలావరకు తీరుతుంది. అది తెలియాలంటే ముందు రమ్మీ కన్నా తేలికైన ఆట ఒకటి చూడాలి. అదే వీడియో పోకర్. మన దగ్గర ఆడేది కాదు, అమెరికాలో లాస్ వేగస్ లాంటి చోట్ల కేసినోల్లో ఉండే యంత్రం. ఎదుట మనిషి ఉండడు. యంత్రం ఐదు ముక్కలిస్తుంది. వాటిలో కావలసినవి ఉంచుకుని మిగతావి ఒక్కసారి మార్చుకోవచ్చు. చివరికి చేతిలో ఏముంటే దానికి ఎంత ఇస్తారో యంత్రం మీదే పట్టిక ఉంటుంది. ఐదు ముక్కల్లో ఏవి ఉంచాలన్నదానికి 32 దారులు, ఇంకా కట్టలో 47 ముక్కలు. అంటే ప్రతి చేతికీ ఏది సరైన దారో కచ్చితంగా లెక్క కట్టవచ్చు. అలాంటి ఆటలోనే నిపుణులు ఒకరికొకరు ఎదురు చెబుతారంటే ఆశ్చర్యమే కదా. ఒక చెయ్యి తీసుకుందాం.

మూడు ఆసులు, రెండు ఏడులు వచ్చాయి. దీన్ని ఫుల్ హౌస్ అంటారు. ఒక్క రూపాయి పందేనికి తొమ్మిది రూపాయలు ఖాయం. ఒక నిపుణుడు "ముట్టుకోకు, అలాగే ఉంచు" అంటాడు. ఇంకొకడు "ఏడులు రెండూ పారెయ్యి, నాలుగో ఆసు కోసం చూడు" అంటాడు. రెండో సలహా పిచ్చిమాటలా ఉంటుంది. కానీ లెక్క చూడండి. ఏడులు మారిస్తే రెండు కొత్త ముక్కలు 1,081 రకాలుగా రావచ్చు. అందులో 46 సార్లు నాలుగో ఆసు పడుతుంది, 67 సార్లు మళ్లీ ఫుల్ హౌసే అవుతుంది, మిగతా 968 సార్లు మూడు ఆసులు మాత్రమే మిగిలి మూడు రూపాయలు వస్తాయి. "జాక్స్ ఆర్ బెటర్" అనే రకంలో నాలుగు ఆసులకు ఇచ్చేది 25. అప్పుడు మార్చినవాడికి సగటున వచ్చేది 4 రూపాయల 31 పైసలు. చేతిలోని తొమ్మిది వదులుకోవడం శుద్ధ తప్పు. "డబుల్ డబుల్ బోనస్" అనే రకంలో నాలుగు ఆసులకు 160, వాటి పక్కన రెండో మూడో నాలుగో ఉంటే 400. అక్కడ మార్చినవాడి సగటు 12 రూపాయల 72 పైసలు. ఉంచుకోవడమే తప్పు.

అవే ఐదు ముక్కలు. సలహాలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అయినా రెండూ నిజమే. పట్టిక పేరు చెప్పకుండా సలహా ఇవ్వడం దగ్గరే చిక్కంతా వచ్చింది.

ఇందులో అనుభవం గురించి కూడా ఒక సంగతి ఉంది. మార్చడం లాభమైన రకంలో కూడా నాలుగో ఆసు పడేది దాదాపు 23 సార్లకు ఒకసారి. పదిమంది చూస్తుండగా మార్చి తొమ్మిదికి బదులు మూడుతో సరిపెట్టుకున్న సందర్భాలే ఎక్కువ ఉంటాయి. వాటిని చూసిన పాత ఆటగాడు "నా కళ్లతో చూశాను, మార్చినవాడు బాగుపడలేదు" అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు. చూసింది చూసినట్టే చెబుతున్నాడు, కానీ చూసింది సరిపోలేదు.

ఇప్పుడు మన చాప మీదికి వద్దాం. పదమూడు ముక్కల రమ్మీలో సాధారణంగా మొదట్లోనే డ్రాప్ చేస్తే, అంటే ఆడకుండా తప్పుకుంటే, 20 పాయింట్లు పోతాయి, మధ్యలో చేస్తే 40, ఫుల్ కౌంట్ 80. ఇద్దరే పాయింట్ల ఆట ఆడుతున్నారనుకుందాం. మీరు గెలిస్తే సగటున 30 వస్తాయి, ఓడితే సగటున 40 పోతాయి అనుకుంటే, వందకు 29 సార్లయినా గెలిచే చెయ్యి ఉంటే ఆడటమే మేలు. అంతకు తక్కువైతే డ్రాప్ మేలు. అంటే గెలుపు సగం కన్నా తక్కువ అనిపించిన చేతితోనూ ఆడటం సబబే. ఈ లెక్కలో మేనమామకు కొంత బలముంది. అదే ఎదుటివాడు త్వరగా షో చేసే గట్టి ఆటగాడైతే మన ఓటమి సగటు 40 దగ్గర ఆగదు. 60కి పెరిగిందంటే 45 శాతం గెలుపు లేనిదే కూర్చోకూడదు. అక్కడ పెద్దనాన్న గెలిచాడు.

నూటొక్కటి పూల్ ఆటలో ఇది ఇంకా మారుతుంది. 101 చేరితే ఆట నుంచి బయటికే. మీ ఖాతాలో 79 ఉంటే డ్రాప్‌తో 99 అయి బతికి ఉంటారు. 81 ఉంటే అదే డ్రాప్ మిమ్మల్ని బయటికి నెడుతుంది. చెయ్యి ఎంత చెత్తగా ఉన్నా ఆడక తప్పదు. "ఎప్పుడూ", "ఎన్నడూ" అనే మాటలతో మొదలయ్యే రమ్మీ సలహా ఏదైనా ఇక్కడే విరుగుతుంది.

రాజు, రాణి ముందే పారెయ్యాలన్న సలహా సంగతి వేరు. పది పాయింట్ల ముక్క చేతిలో ఉంటే బరువన్నది నిజం. రాజు చేరే మూడు ముక్కల వరసలు రెండే: జాకీ రాణి రాజు, రాణి రాజు ఆసు. ఏడుకు మూడున్నాయి. కానీ చాప చుట్టూ ఉన్నవాళ్లంతా ఇదే సలహా పాటిస్తే మొదటి రౌండ్లలో కింద పడేవన్నీ బొమ్మలే. అప్పుడు రాణి, జాకీ పట్టుకుని కూర్చున్నవాడికి లైఫ్ (జోకర్ లేని వరస) తేలిగ్గా దొరుకుతుంది. అందరూ నమ్మితే ఆ సలహా బలహీనపడుతుంది. యంత్రం మనం ఏం నమ్ముతామో పట్టించుకోదు కాబట్టి దాని ముందు లెక్క నిలుస్తుంది. మనుషుల ముందు లెక్క వాళ్లతో పాటే కదులుతుంది. రమ్మీ నిపుణులు రేపు కూడా ఏకాభిప్రాయానికి రారని నేననడానికి ఇదే కారణం.

ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలిసే ఈ నేర్పు గురించి మన గడ్డ మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది. 1963 మేలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణగా నడిచింది. 1967 నవంబర్‌లో తీర్పు చెబుతూ జస్టిస్ హిదాయతుల్లా, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అన్నారు. మూడు ముక్కల ఆటలాంటిది కాదన్నారు. ఈ సగం అందరికీ తెలుసు. పందేల మీద నిర్వాహకుడు లాభం తీసుకుంటే నేరం కావచ్చన్న రెండో సగాన్ని రమ్మీ ప్రకటనలు ఏళ్ల తరబడి చెప్పలేదు.

ఆ రెండో సగమే ముఖ్యం. సమఉజ్జీలిద్దరు చెరో 50 పెట్టారనుకోండి. వందలో నిర్వాహకుడు పది తీసుకుంటే గెలిచినవాడికి 90. వందకు 56 సార్లు గెలిస్తే తప్ప పెట్టిన డబ్బు వెనక్కి రాదు. మంచి సలహా మిమ్మల్ని 50 నుంచి 53కి తెచ్చినా నష్టమే. నేర్పు పెంచుతామని చెప్పే నిపుణుల్లో ఎంతమంది ఈ కోత గురించి ముందుగా చెప్పారో గుర్తు చేసుకోండి.

తెలంగాణ 2017లోనే చట్టం సవరించి డబ్బు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, నేర్పా అదృష్టమా అన్న తేడా చూడకుండా దేశమంతటా ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించింది. కాబట్టి డబ్బు గెలిపిస్తామని ఫోన్‌లో వచ్చే ఏ మెళకువనూ నమ్మకండి. చింతగింజలు పెట్టుకుని చాప మీద ఆడండి, పెద్దనాన్నతోనూ మేనమామతోనూ వాదించండి. ఇంట్లో ఎవరైనా పందేల అప్పుల్లో చిక్కుకుని నలిగిపోతుంటే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయించండి. తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు.